నీళ్ళు తాగుతున్న పడవ

"కొత్త మచ్చ ఒక్కటి కూడా లేదు!" అంది ఫోన్లో షోనా నర్సు.

నా చేతిలో వెన్న కత్తి ఉంది. పైకి ఎగరేశాను. అది వెళ్ళి మా అత్తగారు నోరీన్ అప్పుడే మడతపెట్టిన దుప్పట్ల మీద పడింది, సరిగ్గా వెన్న ఉన్న వైపే. మామూలు రోజైతే ఇల్లెగిరిపోయేది. ఆవిడ కత్తి వైపు చూడనైనా లేదు. నా ముఖమే చూస్తోంది.

"మళ్ళీ చెప్పండి షోనా! స్పీకర్లో పెట్టాను. నోరీన్ కూడా వింటోంది."

"రీస్ తల స్కాన్ ఫొటోలూ, వెన్ను ఫొటోలూ డాక్టరుగారు చూశారు. కాలిని పడుకోబెట్టింది వెన్నులో ఉన్న ఆ మచ్చ ఒక్కటే. అదీ చల్లారుతోంది. తలలో కొత్తవేం పుట్టలేదు."

నోరీన్ ఓవెన్ పిడి పట్టుకుని, "దేవుడా" అంది. కాసేపాగి, "మరి కాలు?" అంది.

"వచ్చేస్తోంది. శనివారం పడవ ముక్కు మీద నిలబడి ఉపన్యాసమే ఇచ్చాడటగా! మా చెల్లెలు జెట్టీ మీదే ఉంది. కేకులు కొట్టుకుపోవడం కూడా చూసిందట."

నేను పకపకా నవ్వేశాను. నోరీన్ కూడా నవ్వింది. ఇద్దరం చేతులు పట్టుకుని వంటింట్లో గిర్రున తిరిగాం. రీస్‌తో నా పెళ్ళయి ఆరు వారాలు. ఈ ఆరు వారాల్లో నేను ఎగిరి గంతేసిన సంగతులు రాస్తే ఒక నోటుపుస్తకం నిండుతుంది. లైబ్రరీ కార్డు మీద కొత్త ఇంటిపేరు అచ్చయి వచ్చిన రోజు. గుమ్మం దగ్గర మా ఇద్దరి రబ్బరు బూట్లు పక్కపక్కన నిలబడి కనిపించిన రోజు. అతని ఎడమ బూటు ముందు భాగం అరిగిపోయి ఉంటుంది. ఆ కాలు ఈడుస్తాడు కదా. ఆ అరుగుదల మీద కూడా నాకు ముద్దొచ్చింది, అంత పిచ్చిదాన్ని నేను. కానీ ఇవాళ్టి కబురు ముందు అవన్నీ బలాదూరు.

"మెరిన్," అంది షోనా. గొంతు తగ్గింది. "మరి మనిషెలా ఉన్నాడు?"

నేను తిరగడం ఆపాను. వరండా అద్దాల తలుపు వైపు చూశాను. అవతల, అద్దాల కిటికీలు బిగించిన వరండాలో రీస్ వీపు కనిపిస్తోంది. దుప్పటి కప్పుకుని, నది వైపు తిరిగి, పొద్దున్న ఎలా కూర్చున్నాడో అలాగే ఉన్నాడు.

"ఆదివారం నుంచి అంతే. పలకడు. నిన్న నా చేతిలోంచి గ్లాసు జారి పగిలితే ఏడ్చాడు. మామూలు గాజు గ్లాసు షోనా, ఎవరిదీ కాదు."

"చచ్చిపోవాలని ఉందని ఏమైనా అన్నాడా? మొహమాటపడకుండా చెప్పండి."

నోరీన్ కళ్ళు మూసుకుంది.

"నేనే అడిగాను. లేదన్నాడు. అలసటగా ఉంది, అంతే అన్నాడు."

"అడిగి మంచి పని చేశారు. మళ్ళీ అడుగుతూ ఉండండి. మాట మారిందంటే వేళ చూడకుండా నాకు ఫోన్ చెయ్యండి."

"ఫొటోలు బాగున్నాయన్నావుగా!" అంది నోరీన్, ఫోన్ మీదికి వంగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా.

"ఫొటోలో మచ్చలు కనపడతాయి నోరీన్, మనసు కనపడదు. ఈ నరాల జబ్బు కాలిని ముట్టుకున్నట్టే మనసునీ ముట్టుకుంటుంది. ఎమ్మెస్ వచ్చినవాళ్ళలో చాలామందికి ఉండేదే ఇది. దానికి తోడు మొన్న మూడు రోజులు స్టెరాయిడ్ ఎక్కించాం. ఆ మందు కొందరిని మేడ మీదికెక్కించి నిచ్చెన తీసేస్తుంది. గురువారం పదకొండింటికి మనసు చూసే డాక్టరుగారికి ఖాళీ ఉంది. పేరు రాయమంటారా?"

"రాయండి," అన్నాను.

"అతన్ని అడిగి చెప్పండి. బతిమాలండి గానీ లాక్కురాకండి."

ఫోన్ పెట్టేసేసరికి పెరట్లో బండి బ్రేకు కీచుమంది. ఆ కీచు వింటే కోళ్ళు కూడా పక్కకు తప్పుకుంటాయి. మా ఆడపడుచు బ్రోన్విన్ వచ్చింది.

బ్రోన్ బూట్లు విప్పకుండా లోపలికొచ్చింది. ఆపిల్ తోట పూత మీదుంది, బ్రోన్ జుట్టు నిండా తెల్లరేకులు. పెళ్ళికూతురిలా ఉంది గానీ, ఆ మాటంటే నన్ను నదిలో పారేస్తుంది.

"బ్రోన్! కొత్త మచ్చల్లేవట! కాలు వచ్చేస్తోందట!" అంటూ వెళ్ళి మెడ చుట్టూ చేతులేశాను.

ఒక్క క్షణం ఆవిడ కూడా నన్ను గట్టిగా పట్టుకుంది. తర్వాత నన్ను నెమ్మదిగా విడిపించుకుంది.

"మంచిది. చాలా మంచిది." బూట్లకంటిన బురద చూసుకుంది. "అయితే తల బాగానే ఉందన్నమాట. మరి మా నాన్న పడవని ముంచిందెవరు?"

"మొదలెట్టావా?" అంది నోరీన్.

"మొదలెట్టింది నేనా? శుక్రవారం నాడు అరవై మందికి ఫోన్లు చేసి, రేపు పడవ దింపుతున్నాం రండి రండి అని పిలిచింది నేనా? కసాయివాడికి చెప్పి సాసేజీలు తెప్పించింది నేనా?"

"అదంతా స్టెరాయిడ్ మందు బ్రోన్. ఆ మూడు రోజులూ కంటి మీద కునుకు లేదు తనకి," అన్నాను.

"నాన్న పోయాక తొమ్మిదేళ్ళు షెడ్డులో ఎండిన పడవది! ముందు జెట్టీకి కట్టి, ఖాళీగా ముంచి, పలకలు నీళ్ళు తాగి ఉబ్బి బిగుసుకున్నాకే మనిషి కాలు పెట్టాలని ఈ నది ఒడ్డున పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. వాడికి తెలియదా? వాడికి నేర్పిందే నాన్న! అలాంటిది, నలుగురిని ఎక్కించి, జెండాలు కట్టి, పళ్ళెం నిండా లామింగ్టన్ కేకులు పెట్టి, పాట పాడుతూ తోశాడు. నాలుగు నిమిషాలు! నాలుగంటే నాలుగు!"

నాకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చాలా ప్రయత్నించాను. కానీ ఆ కేకులు వరసగా, కొబ్బరి తురుముతో సహా, బాతుపిల్లల్లా నది మీద తేలిపోవడం కళ్ళ ముందుకొచ్చింది.

"నవ్వు తల్లీ, నవ్వు!" బ్రోన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఈ ఇంట్లో స్టెరాయిడ్ ఎక్కించింది వాడికో నీకో అర్థం కావట్లేదు నాకు. ప్రతి శీతాకాలం టార్పాలిన్ తీసి ఆ పడవకి నూనె రాసింది నేను. ఆ పైన్ చెక్క వాసన పీలిస్తే నాన్న గది తలుపు తెరిచినట్టుండేది. అదిప్పుడు బురదలో ఉంది. దాన్ని ముట్టుకోవద్దని చెప్పాను, ఎవరూ ముట్టుకోవద్దు."

నా నవ్వు పోయింది. ఆవిడ పక్కన కూర్చున్నాను.

"తను కావాలని చెయ్యలేదు బ్రోన్. సంతోషం ఎక్కువైంది. అది తన సంతోషం కూడా కాదు, డ్రిప్ సీసాలోది."

ఆ మాట ఎందుకన్నానో నాకు తెలియదు. అనకుండా ఉండాల్సింది.



"సీసాలోదే," అంది బ్రోన్ నెమ్మదిగా. "మరి నిన్ను పెళ్ళికి అడిగిందెప్పుడు మెరిన్?"

"జూన్ పధ్నాలుగు. హ్యూఆన్‌విల్ వంతెన మీద. కారు మధ్యలో ఆపేసి..." చెప్తూ చెప్తూ ఆగిపోయాను. ఈ కథ నేను ఇప్పటికి వందమందికి చెప్పి ఉంటాను. వెనక కార్ల హారన్లు, అతని పాట, పాల లారీ డ్రైవరు కిందికి దిగి చప్పట్లు కొట్టడం. ఎప్పుడు చెప్పినా ఇక్కడికొచ్చేసరికి నా గొంతు పైకి లేచేది.

"ఆ జూన్ చలిలో డ్రిప్ ఎప్పుడెక్కించారు?"

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టేలోపే బ్రోన్ అందుకుంది.

"పన్నెండు, పదమూడు, పధ్నాలుగు. మూడో రోజు నువ్వే తీసుకొస్తున్నావు ఇంటికి. రెండు రాత్రులు నిద్రలేదు వాడికి. మొన్న కూడా మూడో రోజే పడవ కావాలన్నాడు. అప్పుడు నిన్ను తోశాడు నీళ్ళలోకి, ఇప్పుడు నాన్న పడవని. నీకు చెప్పాలని పెళ్ళి రోజున కూడా అనుకున్నాను. నీ ముఖం చూసి చెప్పలేకపోయాను."

"బ్రోన్విన్!" నోరీన్ పూర్తి పేరు పెట్టి పిలిచిందంటే హద్దు దాటినట్టే.

పొయ్యి మీద కెటిల్ ఈల వేసి వేసి దానంతటదే ఆగింది.

అప్పుడు చూశాను, వరండా తలుపు ఓరగా తెరిచే ఉంది.

*

రీస్ ముఖం తిప్పలేదు. నేను వెళ్ళి అతని కాళ్ళ దగ్గర చాప మీద కూర్చున్నాను. ఎడమ పాదాన్ని నా ఒళ్ళోకి తీసుకున్నాను. వేళ్ళు కదిపాడు. ఐదూ కదిలాయి! పోయిన వారం ఇవి చెక్కబొమ్మ వేళ్ళు. ఇంత గందరగోళంలో కూడా నా లోపల ఏదో గంతేసింది.

"కబురు విన్నావా?"

"విన్నాను."

"సంతోషంగా లేదా?"

"ఉండాలని తెలుసు." మాటలు ఒక్కొక్కటీ బరువెత్తినట్టు అంటున్నాడు. "పక్కింట్లో ఏదో వేడుక జరుగుతున్నట్టుంది మెరిన్. వినపడుతోంది. నన్ను పిలిచినట్టు లేదు."

పాదాన్ని దుప్పటిలో చుట్టాను.

"బ్రోన్ చెప్పింది కూడా విన్నాను," అన్నాడు. "నిజమే. నేనూ ఆదివారం నుంచి అదే ఆలోచిస్తున్నాను. శనివారం పడవ మీద నాకెలా ఉందో తెలుసా? లోకంలో తప్పనేదే లేదన్నట్టు, నది నా కోసమే పారుతున్నట్టు. వంతెన మీద కూడా అచ్చం అలాగే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. నిన్ను అడిగింది నేనో, ఆ సీసానో నాకు తెలియదు."

"అయితే?"

"అయితే నువ్వు మాటకి కట్టుబడి ఉండక్కర్లేదు. నువ్వు వెళ్తానంటే నేను అడ్డం రాను. మీ అమ్మావాళ్ళకి నేనే చెప్తాను."

నాకు కోపమొచ్చింది. చెవులు వేడెక్కేంత కోపం. లేచి నిలబడ్డాను.

"రీస్, ఇది మన మొదటి గొడవా?"

అతను మొదటిసారి నా వైపు చూశాడు. "అయ్యుంటుంది."

"నేను తడి తువ్వాలు మంచం మీద వేసే దగ్గర మొదలవుతుందనుకున్నాను. ఏకంగా ఇల్లు వదిలి పొమ్మనే దగ్గర మొదలెట్టావు! సరే, విను. జూన్‌లో మందు దిగిపోయింది. సెప్టెంబరులో మన పెళ్ళి దాకా చుక్క మందు లేదు నీ ఒంట్లో. మూడు నెలలు! అప్పుడెందుకు వద్దనలేదు?"

గెలిచాననుకున్నాను. ఇంత తేలికైన సంగతి బ్రోన్‌కి చెప్పడం మర్చిపోయానే అని కూడా అనుకున్నాను.

రీస్ నది వైపు తిరిగాడు.

"నీ సంతోషం చూశాను," అన్నాడు. "పొద్దున్న లేస్తే చాలు ఎగురుతూ కనపడేదానివి. కెటిల్ కొన్నా పండగే నీకు. అంత సంతోషంలోంచి మాట వెనక్కి తీసుకునే ధైర్యం చాలలేదేమో. లేకపోతే నిజంగానే కావాలనుకున్నానేమో. ఈ రెంటిలో ఏదో తెలుసుకుందామని తవ్వుతున్నాను. లోపల ఏమీ దొరకట్లేదు. బురదే తగులుతోంది."

నాకు, మెరిన్‌కి, ఎప్పుడూ ఏదో ఒకటి అనేదానికి, మాట దొరకలేదు. కిటికీ దగ్గరికెళ్ళి అద్దానికి నుదురు ఆనించాను.

సముద్రం ఆటు పట్టి నదిలో నీళ్ళు తగ్గుతున్నాయి. జెట్టీ పక్కన పడవ అంచులు రెండూ పైకి తేలాయి. మధ్యలో గోధుమరంగు నీళ్ళు, ఆ నీళ్ళలో ఒక పసుప్పచ్చ జెండా ముక్క.

"గురువారం పదకొండింటికి ఒక డాక్టరున్నారు," అన్నాను అద్దంతో. "మనసు చూసే ఆవిడ. వెళ్దామా?"

"వెళ్ళి ఏం చెప్పను?"

"ఇప్పుడు నాకు చెప్పావే, అది."

రీస్ దుప్పటి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

తలుపు భుజంతో తోసుకుని నోరీన్ టీ కప్పులతో వచ్చింది. ఆవిడ వెనక గుమ్మంలో బ్రోన్, లోపలికి రాదు, బయటికి పోదు. నోరీన్ కప్పులు కిందపెట్టి, నా పక్కకొచ్చి కిటికీలోంచి చూసింది.

"ఇవాళ నాలుగో రోజు," అంది.

"దేనికి?" అన్నాను.

"పడవకి. మీ మామగారు ఏటా నవంబరులో మూడు రోజులు ముంచి ఉంచేవాడు. నాలుగో రోజు నీళ్ళు తోడేస్తే సందులన్నీ పూడుకుపోయి, డప్పులా మోగేది."

"ఆయన ఖాళీ పడవని ముంచేవాడు," అంది గుమ్మంలోంచి బ్రోన్. "మంచి తాడు కట్టి, రాళ్ళేసి, పద్ధతిగా. జనాన్ని ఎక్కించి కాదు."

నోరీన్ టీ ఊదుకుంటూ అంది: "మునగడం మునగడమే బ్రోన్. తనని తెలివితో ముంచారో, పిచ్చితో ముంచారో చెక్కకేం తెలుసు? నీళ్ళు తాగడమే దాని పని. తాగే ఉంటుంది."

ఎప్పట్లాగే, నా నోరు నా కంటే ముందు లేచింది.

"రేపు తోడదాం!"

ముగ్గురూ నా వైపు చూశారు.

"రేపు పొద్దున్నే నీళ్ళు తగ్గినప్పుడు తోడదాం. తేలితే నేనూ రీసూ ఎక్కుతాం, మేమిద్దరమే. జెండాల్లేవు, కేకుల్లేవు, ఉపన్యాసాల్లేవు. నది మధ్యకెళ్ళాక నేనడుగుతాను."

"ఏం అడుగుతావు?" అంది నోరీన్.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా అని! అతను అడిగినప్పుడు అతని తలలో మందుంది. సరే. నా తలలో ఏ మందూ లేదు. కావాలంటే రక్తపరీక్ష చేయించుకోండి. ఈసారి అడిగేది నేను."

"పెళ్ళయిపోయింది కదే పిచ్చిదానా," అంది నోరీన్. కళ్ళు తుడుచుకుంటోంది.

"అయితే ఏం? మళ్ళీ అడగకూడదని ఎక్కడైనా రాసుందా?"

రీస్ దుప్పటి కొంచెం పక్కకి జరిపాడు. "ఇప్పుడు కూడా నా తల బాగాలేదు మెరిన్," అన్నాడు. "ఆ రోజు ఎక్కువైంది, ఇవాళ తక్కువైంది. రేపు నేను చెప్పే జవాబు కూడా నాది కాకపోవచ్చు."

ఈసారి నేను తొందరపడలేదు. వెళ్ళి అతని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"అయితే రేపటి జవాబు పట్టుకుని గురువారం డాక్టరు దగ్గరికెళ్దాం. ఇది ఎంతవరకు నీది, ఎంతవరకు జబ్బుది అని ఆవిడనే అడుగుదాం. నువ్వేం చెప్పినా తీసుకెళ్తాను. అవునన్నా సరే, కాదన్నా సరే. సరేనా?"

అవుననలేదు. కాదనీ అనలేదు. కుడిచేత్తో దుప్పటి కింద తడిమి, తన ఎడమ పాదాన్ని తనే పట్టుకుని నేల మీద ఆనించాడు.

బ్రోన్ గొంతు సవరించుకుంది.

"నేనన్న మాట వెనక్కి తీసుకోను," అంది నాతో. "అది నిజమే కాబట్టి."

"తీసుకోవద్దు," అన్నాను. "నిజమే కాబట్టే అడుగుతున్నాను."

ఆవిడ బూట్ల బురద గుమ్మానికి రాసింది. "రేపు నీళ్ళు బాగా తగ్గేది ఏడూ ఇరవైకి. ఆరున్నరకి ప్యాకింగ్ షెడ్డు నుంచి బకెట్లు తెస్తాను, ఆరు. మొదటి బకెట్ నేనే తోడతాను, మా నాన్న పడవ అది. తేలకపోతే మాత్రం మీ ఇద్దర్నీ అందులోనే వదిలేసి వస్తా."

"ఆరున్నర," అంది నోరీన్, గోడ క్యాలెండర్ దగ్గరికి పెన్సిల్ తీసుకుని వెళ్తూ. "ఎవరూ ఉపవాసంతో రావొద్దు. నేను గంజి కాచి ఫ్లాస్కులో పోస్తాను."

నేను లేచి బూట్ల దగ్గరికి పరిగెత్తాను. అతని ఎడమ బూటులో గడ్డి ఇరుక్కుపోయి ఉంది. దాన్ని గుమ్మానికేసి కొట్టి దులుపుతున్నాను. వెనకనుంచి రీస్ పిలిచాడు. ఎంత చిన్నగా పిలిచాడంటే, బూటు పట్టుకుని అలాగే ఆగిపోయాను.

"మెరిన్. రేపు నది మధ్యలో నేను కాదంటే?"

బూటుని మళ్ళీ గుమ్మానికేసి కొట్టాను.

"తెడ్లు నీ చేతికే ఇస్తాను," అన్నాను. "కాదన్నాక నన్ను ఒడ్డుకి తెచ్చి దింపాల్సింది నువ్వే. అంత దూరం నా ముఖం చూస్తూ తెడ్డు వెయ్యగలవేమో ఆలోచించుకో. నీకు రేపు ఆరున్నర దాకా టైముంది."